ముడుపు మీద బియ్యం

"ఆ యమ్మ మన బియ్యం బానలో చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంటానంటా ఉండాది వదినా. ఇంటి ఆడబిడ్డ ఎదురుగా ఉంటేనే ఒప్పుకుంటాదంట. తొలి బస్సుకే వచ్చేయ్" అని మా మరదలు సుగుణ ఫోన్ చేసినప్పుడు నేను చిత్తూరులో మా వంటింట్లో చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాను. పుట్టింటి నుంచి పిలుపు వస్తే ఏ వయసు ఆడదానికైనా కాళ్ళు నేల మీద నిలవవంటారు. నాకు మాత్రం కాళ్ళు చల్లబడ్డాయి. తిరుచానూరులోని ఆ ఇంట్లో మా తమ్ముడు దామోదరం, వాడి పెళ్ళాం సుగుణ, వాళ్ళ కొడుకు చరణ్ ఉంటారు. ఉంటారు అనడం కూడా తప్పే. ఇల్లంతా గదులుగా కోసి యాత్రికులకు అద్దెకిచ్చి, వాళ్ళు మెట్ల కింది చీకటి గదిలో సర్దుకున్నారు. పోయిన ఏడాది పులికాట్ ఒడ్డు నుంచి వచ్చిన కావేరి అనే మనిషి ఆ ఇంట్లో ముడుపు దాచిపెట్టి పోయిందట. మొన్న వచ్చి అడిగితే ముడుపు లేదు. చరణ్ మీద పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు కాగితం ఇచ్చింది. సాయంత్రంలోపు మీలో మీరు తేల్చుకోండి, లేకపోతే కేసు కడతామని అక్కడివాళ్ళు చెప్పారట. చరణ్ బానలో చెయ్యి పెట్టి "నేను తీయలేదు" అని ఒట్టేస్తే కాగితం వెనక్కి తీసుకుంటానని కావేరి అంది. ఆ ఒట్టు చూడటానికి నన్ను రమ్మన్నారు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నానే గానీ ఒక్క ఊరూ కంటికి ఆనలేదు. ముక్కుకు మాత్రం మా అవ్వ వంటింటి వాసన తగులుతూనే ఉంది. అవ్వంటే మా నాయనను కన్నతల్లి, మునెమ్మ. ఆ వంటింట్లో మూడు వాసనలు ఉండేవి. పొయ్యిలో వేసే చెరుకు పిప్పి పొగ, అటక మీద వేలాడే ఎండు మిరపకాయల ఘాటు, మూలనున్న బానలోంచి వచ్చే పాత బియ్యం వాసన. ఆ బాన నా భుజాల ఎత్తుండేది. మట్టిదే, కానీ మా తాత తండ్రి నాటిది కాబట్టి నల్లగా నిగనిగలాడేది. అవ్వ తెల్లవారకముందే లేచి వీధి అరుగును, అదే మా తిన్నెను, కడిగి, ముగ్గు పెట్టి, రాగి అండాలో నీళ్ళు కాచేది. ఆ నీళ్ళు మా కోసం కాదు. రాత్రి మా తిన్నె మీద పడుకున్న యాత్రికుల కోసం. వాళ్ళెవరో మాకు తెలియదు. కొండకు పోయే దారిలో అమ్మవారిని చూసుకోవడానికి దిగినవాళ్ళు. "అమ్మా, ఈ పూటకు ఈడ తలకాయ వాల్చుకుంటాం" అంటే చాలు, అవ్వ లోపలినుంచి చాప విసిరేది. మా తిన్నె నిండితే నన్ను తోడిచ్చి పక్కింటి చెంగయ్య తాత తిన్నెకు పంపేది. చెంగయ్య తాత "మీ అవ్వ మిగిల్చి పంపినోళ్ళా, మంచోళ్ళను ఆమె ఉంచుకొని గురక పెట్టేవాళ్ళను నా మీదికి తోలతాది" అని ఆటపట్టిస్తూనే తన దుప్పటి తీసి వాళ్ళకిచ్చేవాడు. ఆ దుప్పటి తిరిగి వస్తుందా అని ఆయన అడగడం నేను ఎప్పుడూ వినలేదు.

ముడుపుల సంగతి వేరు. పంట ఇంటికొచ్చినా, బిడ్డకు జ్వరం తగ్గినా, తప్పిపోయిన ఎద్దు దొరికినా పసుపు గుడ్డలో ఒక నాణెం వేసి మూట కట్టుకుంటూ పోతారు. నిండినప్పుడు కొండకు తెచ్చి హుండీలో వేస్తారు. దారి పొడుగునా దాన్ని నడుముకు కట్టుకునే మోస్తారు. తిరుచానూరుకు వచ్చాక స్నానానికి పోవాలి, గుడికి పోవాలి, ఆడవాళ్ళకు ఉన్నట్టుండి బయట చేరే రోజులు వస్తాయి. అప్పుడు ముడుపు ఎక్కడ పెట్టాలి? మా అవ్వ బాన మూత తీసి, ముడుపును బియ్యంలోకి గుచ్చి, పసుపు గుడ్డ కొస మాత్రం పైకి కనబడేలా వదిలేది. "లోపలికంటా పూడ్చేయొచ్చు గదవ్వా?" అని నేనొకసారి అడిగాను. "పూడిస్తే దాచిపెట్టినట్టు. దాచిపెడితే ఎవురో ఒకరికి ఎతకాలని బుద్ధి పుడతాది. అందురూ పొద్దుమాపులా బియ్యానికి చెయ్యి పెడతారు, అందురికీ కనిపిస్తా ఉండాల" అంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గదా, మా అవ్వ ఈశ్వరుడి మీద ఆ భారం పెట్టలేదు. మా అందరి కళ్ళనే కాపలా పెట్టింది.

పోలమ్మ మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నేను పావడా కట్టే వయసులో ఉన్నాను. పులికాట్ సరస్సులో రొయ్యలు పట్టే కుటుంబం వాళ్ళది. బక్కగా, పొడుగ్గా, పెద్ద గొంతుతో ఉండేది. మాకోసం ఎండురొయ్యల పొట్లం తెచ్చి తిన్నె మీద పెట్టేసరికి అవ్వ ముక్కు మూసుకొని "ఏమమ్మే, దేవుడి దగ్గరికి పోతా ఈ కంపేందే! ఆ చెట్టు కొమ్మకు తగిలించు, కొండ దిగినాక ఇస్తువు" అని కసురుకుంది. పోలమ్మ పడీపడీ నవ్వింది. ఆ పొట్లాన్ని వాకిట్లో మునగచెట్టుకు వేలాడదీస్తే వీధిలో పిల్లులన్నీ దాని కింద కూర్చున్నాయి. ఆ మధ్యాహ్నమే పోలమ్మ ఊరినుంచి ఒక మనిషి వెతుక్కుంటూ వచ్చాడు. ఆమె పెద్దకొడుకు పడవ తిరగబడి పోయాడు. ఆ కేక నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. చావు మైల తగిలినవాళ్ళు ఏడాది దాకా కొండెక్కకూడదు. ఇంటినుంచి బయటికి తీసిన ముడుపును చావు ఇంటికి తిరిగి తీసుకుపోనూ కూడదు. పోలమ్మ నడుముకున్న మూట విప్పి అవ్వ కాళ్ళ దగ్గర పెట్టింది. అవ్వ దాన్ని తీసుకుని బానలో గుచ్చింది. తిరిగి వచ్చి పోలమ్మను ఒళ్ళోకి లాక్కుని ఆమెతో పాటు ఏడ్చింది.

ఆ ఏడాదే వానలు మొహం చాటేశాయి. మా చెరుకు నిలువునా ఎండిపోయింది. బానలో బియ్యం రోజురోజుకూ దిగుతుంటే ముడుపు కూడా దాంతో పాటే దిగుతూ వచ్చింది. చివరికి నేను బాన మీదికి వంగి, తల లోపలికి పెట్టి చూస్తే అడుగున గుప్పెడు బియ్యం, దాని మధ్య పసుపు మూట. రాగి సంగటి కూడా ఒంటిపూటకు వచ్చింది. ఒకరోజు నాయన బాన పక్కన నిలబడి, "అమ్మా, ఇప్పుడు వాడుకొని పంట రాంగానే మళ్ళీ కట్టి పెడదాం. ఎవురికి తెలస్తాది?" అన్నాడు. నాయన చెడ్డవాడు కాదు. మా తమ్ముడు ఆకలికి ఏడుస్తున్నాడు. అవ్వ పొయ్యి ముందునుంచి లేవలేదు. "మనింట్లో ఉండేదంతా మనది కాదు నాయనా" అంది, అంతే. తర్వాత చేట పట్టుకుని చెంగయ్య తాత ఇంటికి పోయి బియ్యం చేబదులు తెచ్చింది. మాకు వండుతుందనుకుని నేను ఆశగా వెంటే పోయాను. తెచ్చిన బియ్యం ముడుపు మీద పోసి, కొస పైకి లాగి, ఒక్క గుప్పెడు మాత్రం తీసి మాకు గంజి కాచింది. "అది బోసిగా పడుండకూడదే, మనల్ని నమ్మి వచ్చిండాది" అని నాతో అంది. నాకు అప్పుడు అవ్వ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఏడాది తిరిగాక పోలమ్మ వచ్చి ముడుపు తీసుకుని, ముడి చూడకుండా నడుముకు కట్టుకుని కొండకు పోయింది. అప్పటినుంచి పోలమ్మ ఇంటివాళ్ళు మా ఇంట్లో దిగకుండా కొండెక్కింది లేదు. దిగివచ్చి, మాకు చెప్పాకే కాళహస్తికి పోయేవాళ్ళు. కాళహస్తి చూసినవాళ్ళు ఇంకొకరి గడప తొక్కకుండా నేరుగా ఇంటికే పోవాలి గదా, అందుకని.

అవ్వ పోయాక ఇల్లు ఒక్కసారిగా ఏమీ మారిపోలేదు. వీధి చివర ఎవరో మొదటి లాడ్జి కట్టారు. మా తిన్నె మీద పడుకునేవాళ్ళు పోతూ పోతూ చాప కింద ఏదో పెట్టడం మొదలుపెట్టారు. అవ్వ ఉన్నన్నాళ్ళూ అది అమ్మవారి హుండీకే పోయింది. నాయన దాన్ని ఇంట్లో ఉంచాడు. తర్వాత చాపకొక రేటు, దిండుకొక రేటు వచ్చాయి. రాగి అండా అమ్మేసి గీజరు పెట్టి వేన్నీళ్ళకు రేటు పెట్టారు. తిన్నె కొట్టేసి ఆ జాగాలో రెండు గదులు లేపారు. మా తమ్ముడూ మా చిన్నాన్న కొడుకులూ ఇల్లు పంచుకున్నప్పుడు వంటిల్లు ఎవరికి, పూజగది ఎవరికి అని ఎవరూ కొట్టుకోలేదు, వీధివైపు వాకిలి ఎవరికి అని తలలు పగలగొట్టుకున్నారు. మా తిన్నె నిండితే పక్కింటికి పంపే ఆచారం ఏమైందంటారా? ఆటోవాడికి కమీషన్ ఇచ్చి పక్కింటి మెట్ల మీదినుంచి మనుషుల్ని లాక్కుని వచ్చే ఆచారం అయింది. చెంగయ్య తాత కార్తీక మాసంలో, అమ్మవారి ఉత్సవాల రద్దీలో పోయాడు. గదులన్నీ నిండి ఉన్నాయి. చావని తెలిస్తే యాత్రికులు మైల అని ఖాళీ చేసి పోతారని, ఆయన మనవలు తలుపు మూసి, ఏసీ పెట్టి, ఆడవాళ్ళ నోళ్ళు నొక్కి, అందరూ గదులు ఖాళీ చేసిన తర్వాతే ఏడవనిచ్చారు. ఆ సంగతి నాకు సుగుణే చెప్పింది. "పాపం, సీజన్ గదా వదినా" అని కూడా అంది. తన దుప్పటి తీసిచ్చిన మనిషి శవానికి ఏడుపు కూడా వేళ చూసుకుని దక్కింది. చరణ్ పుట్టి పెరిగింది ఈ వీధిలో. వాడికి బడిలో ఏం నేర్పారో నాకు తెలియదు, ఇంట్లో మాత్రం ఇదే నేర్పారు.

నేను పోయేసరికి ఇంటి ముందు పెద్ద బోర్డు వెలుగుతోంది. "అవ్వగారి ఇల్లు. తరతరాల నమ్మకం." దాని కింద మా అవ్వ ఫోటో. బతికుండగా ఫోటో తీస్తామంటే కొంగు అడ్డం పెట్టుకున్న మనిషి. లోపల కౌంటర్ పక్కన మా బియ్యం బానకు వార్నిష్ పూసి, ప్లాస్టిక్ పూలు గుచ్చి నిలబెట్టారు. ఆ పూలు తీసి పక్కన పడేసి, సుగుణ కొట్టునుంచి బియ్యం మూట తెప్పించి అందులో పోస్తోంది. "ఈ బానను చూసే వదినా ఆ యమ్మ మోసపోయింది. కొండకని వస్తే ఆ యమ్మ బావ పోయినాడని ఫోనొచ్చినాదంట. మైల గదా, ముడుపు ఎత్తుకొని పోకూడదని చెప్పి, వాళ్ళవ్వ చెప్పిన బాన ఇదేనని పూలు పక్కకు తోసి దీంట్లో పెట్టేసి పోయింది. లాకర్లు ఉండాయి గదా, దాంట్లో పెట్టుకోవచ్చు గదా?" అంది. ముడుపులో నాణేలతో పాటు కావేరి తాళిలోని బంగారు గుండ్లు కూడా ఉన్నాయట. సముద్రంలో దారి తప్పిన మొగుడు తిరిగొస్తే ఇస్తానని మొక్కుకుంది. అతను తిరిగొచ్చాడు.

చరణ్‌ను మెట్ల కింది గదిలోకి పిలిచి తలుపు వేశాను. "నాతో నిజం చెప్పరా. తీసినావా?" అన్నాను. వాడు దాచలేదు. అదే నన్ను చంపేసింది. మొహంలో బెదురు లేదు, సిగ్గు లేదు. "ఆఫ్ సీజన్ అత్తా. ఆటోవాళ్ళకు కమీషన్ ఇయ్యకపోతే ఒక్కరూ రారు. ఏడాది పాటు లాకర్ ఇచ్చుంటే ఎంత బాడుగ అయ్యుండేదో నువ్వే లెక్కేసుకో. ఎవురైనా ఊరికే పెట్టుకుంటారా? మన ఇంట్లో పెట్టినాక మనదే గదా" అన్నాడు.

"అది దేవుడి సొమ్మురా!"

"దేవుడికి తక్కువా అత్తా? రోజూ చూస్తానే ఉండా గదా."

"మరి ఒట్టు? అవ్వ బానలో చెయ్యి పెట్టి అబద్ధం చెప్తావా?"

వాడు నన్ను జాలిగా చూశాడు. "నోటి మాటే గదత్తా. దానికేం ఖర్చు? కేసంటే లాయరు కావాల, బోర్డు పేరు చెడతాది, బుకింగులు పడిపోతాయి. ఒట్టు ఊరక వచ్చేది" అన్నాడు. చిన్నప్పుడు వాడికి జ్వరమొస్తే రాత్రంతా ఒళ్ళో వేసుకున్నది నేను. ఆ మొహం మీద కొట్టాలని చెయ్యి లేచింది గానీ కొట్టలేకపోయాను. ఎవరిని కొట్టాలో నాకు తెలియలేదు. దొంగతనం చేశానని వాడికి తెలిస్తే గదా దెబ్బ తగిలేది? కంచె చేను మేసిందని ఏడుస్తాం, ఈ కంచెకు అది చేనని ఎవరూ చెప్పలేదు.

కావేరి మధ్యాహ్నం వచ్చింది. పోలమ్మ మనవరాలు. అదే పొడుగు, అదే బక్క ఒళ్ళు, గొంతు మాత్రం లేదు. కుర్చీ అంచున కూర్చుని చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. సుగుణ మజ్జిగ ఇచ్చి "ఆ సంచి పక్కన పెట్టుకోమ్మా" అంటే, "ఉండనీ" అని ఒక చేత్తో సంచి పట్టుకునే తాగింది. మా ఇంట్లో, మా అవ్వ తిన్నె ఉన్న చోట, పోలమ్మ మనవరాలు సంచి కింద పెట్టడానికి భయపడింది. నేను పలకరిస్తే "మా అవ్వ నీ గురించి చెప్తా ఉంటాది పెద్దమ్మా. ఇప్పుడు మంచంలో ఉండాది, చూపు లేదు. తెల్లారి లేస్తే అదే అడగతాది, ముడుపు మీద బియ్యం పోసినారా అని" అంది. ఆ తర్వాత చరణ్‌ను చూసి, "రా నాయనా, పెట్టు చెయ్యి" అంది.

చరణ్ చొక్కా చేతులు పైకి మడిచి బానలో మోచేతి దాకా చెయ్యి దించాడు. దామోదరం గోడవైపు చూస్తున్నాడు. సుగుణ కొంగు నోట్లో కుక్కుకుంది. "ఈ ఇంట్లో పుట్టిన నేను..." అని వాడు మొదలుపెట్టాడు. కొత్త బియ్యం, పాలిష్ వాసన వేస్తున్నాయి. ఆ కరువు ఏడాది అవ్వ ముడుపు మీద పోసిన బియ్యం చప్పుడు నాకు వినిపించింది. లేచి వాడి మణికట్టు పట్టుకుని బానలోంచి బయటికి లాగాను. "వద్దురా! ఆమాట అనొద్దు! వీడే తిన్నాడమ్మా కావేరీ. పొద్దున నాతోనే చెప్పినాడు. నీ గుండ్లు కుదువ అంగట్లో ఉండాయో, కరిగిపోయినాయో, పో, స్టేషన్‌లో చెప్పుకో" అని అరిచాను. "అక్కా!" అని దామోదరం కేక వేశాడు. సుగుణ నేల మీద కూలబడింది.

కావేరి కదల్లేదు. నా మొహంలోకి చూసింది. కృతజ్ఞత కోసం ఆమె కళ్ళలో వెతికాననుకుంటాను, నాకు బుద్ధి లేదు. "నాకు తెలుసు పెద్దమ్మా" అంది నెమ్మదిగా. "మొన్న అడిగినప్పుడే ఆ పిల్లోడి మొగంలో కనిపెట్టినా. పోయినాయి పోనీ, మళ్ళీ కట్టుకుంటాం. ఒట్టేస్తే కాగితం చించేసి పోదామనే వచ్చినా. ఆ ఇంటోళ్ళు తీయలేదవ్వా, బానలో చెయ్యి పెట్టి ఒట్టేసినారు, ఎవురో బయటోళ్ళు ఎత్తుకపోయినారు అని ముసల్దానికి చెప్పుందును. అది ఆ మాట పట్టుకొని కన్ను మూసుండును. దానికి మిగిలింది ఆ ఒక్కటే. ఇప్పుడు నేను ఏం జెప్పల్ల?"

ఆమె సంచి భుజానికి తగిలించుకుని లేచింది. గడప దగ్గర ఆగి, స్టేషన్‌లో సంగతి చెప్పి కాళహస్తి బస్సెక్కుతాననీ, అటునుంచి అటే ఇంటికి పోతాననీ అంది. మళ్ళీ వస్తాననలేదు. ఆమె వెనకే చరణ్ కూడా ఫోన్ చెవికి ఆనించుకుని బయటికి పోయాడు, తెలిసిన లాయరెవరో ఉన్నాడట. దామోదరం మేడ మీదికి వెళ్ళాడు.

ఇంట్లో నేనూ సుగుణా మిగిలాం. అది చాలాసేపు నేల మీదే కూర్చుని ఏడ్చింది. "కడుపున పుట్టినోడైతే ఇట్ల చేసుందువా వదినా, నా కొంప ఆర్పేస్తివి గదా" అని తల బాదుకుంది. నేను ఆపలేదు, అనాల్సిన మాటలే అంటోంది. కాసేపటికి ముక్కు తుడుచుకుని లేచి, లోపలికి పోయి చేట తెచ్చింది. బాన మీదికి వంగి బియ్యం చేటలోకి ఎత్తి ఖాళీ మూటలోకి పోయడం మొదలుపెట్టింది. మూట నిలబడక పక్కకు ఒరిగిపోతోంది. కన్నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి.

"సందేళలోపల ఎత్తుకొని పోతే కొట్టాయన వెనక్కి తీసుకుంటానన్నాడు వదినా" అంది. "ఈ మూట మూతి కొంచెం పట్టుకో."

నేను వెళ్ళి పట్టుకున్నాను.